ఎస్సై పగ తీర్చుకునే కథ: స్టేషన్, కోర్టు, తుపాకీ వ్యవహారం ఎక్కడ తప్పుతోంది?

పెన్నాతీరం:
అందరికీ నమస్కారం. చిన్న బడ్జెట్ యాక్షన్ సినిమాకి స్క్రిప్టు నడుస్తోంది. లైను మామూలే. నెల్లూరు జిల్లాలో పెన్నా ఒడ్డున ఒక మండల స్టేషన్, అక్కడి ఎస్సై హీరో. ఇసుక లారీలు ఆపినందుకు వీఆర్వోగా పనిచేసే తమ్ముణ్ణి చంపేస్తారు. హీరో ఒక్కొక్కణ్ణీ ఏరుకుంటూ అసలువాడి దాకా వెళ్తాడు. కథలో కొత్తదనం లేదని తెలుసు. స్టేషను, ఫైళ్ళు, తుపాకీ నిజంగా ఉన్నట్టు చూపిస్తే అదే కొత్తగా ఉంటుందని ఆశ.

ఇప్పటికి రాసుకున్నది ఇది. తమ్ముడి హత్య కేసు హీరోయే దర్యాప్తు చేస్తాడు. పైనుంచి ఒత్తిడొచ్చి ఇంటర్వెల్‌కి సస్పెండవుతాడు. సెకండాఫ్‌లో సర్వీసు పిస్టల్‌తో ఒకణ్ణి ఎన్‌కౌంటర్ చేస్తాడు. క్లైమాక్స్‌లో విలన్ చేత నేరం ఒప్పించి, ఫోన్‌లో రికార్డు చేసి కోర్టుకి ఇస్తాడు.

ఇందులో ఏది నిలబడుతుంది, ఏది నవ్వులపాలవుతుంది? యూనిఫాం, ఫైట్ల సంగతి తెలిసినవాళ్ళు కూడా చెప్పండి. కథ జరిగేది 2025లో.

సెక్షన్ల సుబ్బయ్య:
నాలుగింటిలో మూడు నిలబడవండీ. అయితే అవి కూలే చోటే మీకు మంచి సీన్లున్నాయి.

ముందు దర్యాప్తు. మండల స్టేషన్‌కి ఎస్‌హెచ్‌వో, అంటే స్టేషన్ ఇన్‌చార్జి, ఎస్సైయే, కేసు కట్టేదీ ఆయనే. హత్య కేసు దర్యాప్తు మాత్రం మన రెండు రాష్ట్రాల్లోనూ సీఐ చేతికి వెళ్తుంది. ఎస్సై ఎఫ్ఐఆర్ కట్టి, ఎక్స్‌ప్రెస్ ఎఫ్ఐఆర్ (అంటే దాని అత్యవసర కాపీ) మేజిస్ట్రేటుకీ పై అధికారులకీ పంపి, శవం దగ్గర కాపలా పెట్టి సీఐ కోసం ఆగాలి. పైగా ఇక్కడ పోయింది సొంత తమ్ముడు. ఇక ఆ కేసులో మీ హీరో ఒక సాక్షి, అంతే. చార్జిషీటులో ఎల్‌డబ్ల్యూ (జాబితాలోని సాక్షి), విచారణ మొదలయ్యాక పీడబ్ల్యూ (ప్రాసిక్యూషన్ సాక్షి). ఫిర్యాదు చేసిన పోలీసే దర్యాప్తు చేశాడన్న ఒక్క కారణంతో కేసు కొట్టేయనక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి చెప్పిన మాట నిజమే. దాన్ని పట్టుకుని హీరో చేతికి ఫైలివ్వకండి. రక్తసంబంధం ఉన్నవాడికి ఏ ఎస్పీ ఆ ఫైలు ఇవ్వడు, ఇస్తే డిఫెన్సు లాయరుకి పండగే.

అంటే తన సొంత స్టేషన్‌లో, తను రోజూ ఆర్డర్లు వేసే స్టేషన్ రైటర్ (రాతపని చూసే పోలీసు) ముందు కూర్చుని, హీరో వాంగ్మూలం ఇవ్వాలి. సీఐ అడుగుతుంటే రైటర్ కంప్యూటర్‌లో కొడుతుంటాడు. మొదటి ఇరవై నిమిషాల్లో ఆ సీను పడితే ప్రేక్షకుడు హీరో వెంట నడుస్తాడు.

శవపంచనామా కూడా వదలకండి. మధ్యవర్తులుగా, అంటే పంచనామా సాక్షులుగా, సంతకం పెట్టడానికి పోలీసులు ఎక్కువగా పిలిచేది వీఆర్వోనే. ఈసారి ఆ వీఆర్వోనే చాప మీద ఉన్నాడు. పక్క ఊరి వీఆర్వో వచ్చి కాగితం మీద సంతకం పెడతాడు. ఒక్క డైలాగు లేకుండా తీయొచ్చు. కథని తెలంగాణకి మారిస్తే మాత్రం ఇది పనికిరాదు, అక్కడ వీఆర్వో వ్యవస్థ 2020లోనే రద్దయింది.

సెక్షన్లు: 2024 జులై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీ, ఎవిడెన్స్ యాక్టు పోయి బీఎన్‌ఎస్, బీఎన్‌ఎస్‌ఎస్, బీఎస్‌ఏ వచ్చాయి. హత్య అంటే ఇప్పుడు 103(1), హత్యాయత్నం 109. "302 పెట్టి లోపలేస్తా" అని 2025లో ఎస్సై అంటే థియేటర్లో ఉన్న ప్రతి జూనియర్ లాయరూ నవ్వుతాడు. నేరం జరిగిన తేదీని బట్టి సెక్షన్ కాబట్టి విలన్ మీద 2016 నాటి పాత హత్య కేసు ఉంటే అది ఇప్పటికీ 302 కిందే నడుస్తుంది. ఏడేళ్ళు, ఆపైన శిక్ష పడే నేరమైతే ఫోరెన్సిక్ టీం సీన్‌కి రావాలని, సోదాలు, స్వాధీనాలు వీడియో తీయాలని కొత్త చట్టం. మీ సెట్‌లో కనీసం ఒక కానిస్టేబుల్ ఫోన్ పట్టుకుని పంచనామా వీడియో తీస్తూ కనబడాలి.

ఇక క్లైమాక్స్. ఇదే అన్నిటికన్నా పెద్ద చిల్లు. పోలీసు అధికారి దగ్గర నేరం ఒప్పుకుంటే ఆ మాట నిందితుడి మీద సాక్ష్యంగా చెల్లదు. పాతచట్టంలో 25వ సెక్షన్, కొత్త బీఎస్‌ఏలో 23. మీ హీరో ఎంత హెచ్‌డీలో రికార్డు చేసినా వృథా. ఒక్క మినహాయింపు ఉంది. ఆ మాట వల్ల కొత్త వస్తువు ఏదైనా బయటపడితే, అంటే కత్తి ఫలానా బావిలో ఉందని విలన్ కస్టడీలో చెప్పి, అది నిజంగా దొరికితే, ఆ దొరకడానికి దారితీసిన ముక్క వరకు చెల్లుతుంది. లేదా విలన్ ఆ మాట పోలీసు కానివాడితో అనాలి. డ్రైవరు, ఆర్ఎంపీ డాక్టరు, వడ్డీ వ్యాపారి, ఎవరైనా సరే. అప్పుడు కూడా రికార్డింగుకి బీఎస్‌ఏ 63 కింద సర్టిఫికెట్ కావాలి. పాత 65బీ అదే.

ఎన్‌కౌంటర్ విషయంలో సుప్రీంకోర్టు 2014లో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ వేసిన కేసులో పదహారు మార్గదర్శకాలు ఇచ్చింది. చావు జరిగితే ఎఫ్ఐఆర్ కట్టాలి. దర్యాప్తు సీఐడీ గానీ వేరే స్టేషన్ టీం గానీ చేయాలి. పోస్టుమార్టం ఇద్దరు డాక్టర్లు చేయాలి, వీడియో తీయాలి. మేజిస్టీరియల్ విచారణ ఉంటుంది. కాల్చినవాళ్ళు ఆయుధాలు పరీక్షకి అప్పగించాలి. వెంటనే ప్రమోషన్లు, మెడల్స్ ఇవ్వకూడదు. కాబట్టి కాల్చిన మర్నాడు పూలదండలు వేయించి అదే పిస్టల్ నడుముకి పెట్టి తిప్పారంటే తప్పే. 2019 డిసెంబరులో చటాన్‌పల్లి దగ్గర జరిగిన దిశ కేసు నిందితుల ఎన్‌కౌంటర్‌పై సిర్పూర్కర్ కమిషన్ ఇచ్చిన నివేదిక 2022లో బయటికొచ్చింది. పోలీసులు చెప్పిన కథని అది నమ్మలేదు. స్క్రిప్టు రాసేవాడు అది చదివితే ఎన్‌కౌంటర్ తర్వాత ఎన్ని కళ్ళు ఎన్ని చోట్ల వెతుకుతాయో అర్థమవుతుంది.

ఖాకీగుండీ:
చట్టం ఆయన చెప్పారు, నేను బట్టల దగ్గరికొస్తాను.

ఎక్కువ సినిమాల్లో పోయేది భుజాల మీద. ఏఎస్సైకి ఒక నక్షత్రం, ఎస్సైకి రెండు, సీఐకి మూడు. ఈ ముగ్గురికీ భుజం పట్టీ చివర ఎరుపు నీలం రిబ్బన్ ఉంటుంది. డీఎస్పీకి కూడా మూడే నక్షత్రాలు, రిబ్బన్ ఉండదు. కాస్ట్యూమ్ వాళ్ళు సీఐకి రిబ్బన్ కుట్టడం మర్చిపోతే ఆయన డీఎస్పీ అయిపోతాడు, సీన్‌లో ఇంకో డీఎస్పీకి సెల్యూట్ కొడుతుంటాడు. అడిషనల్ ఎస్పీకి మూడు సింహాల చిహ్నం, ఎస్పీకి ఆ చిహ్నం కింద ఒక నక్షత్రం. హెడ్ కానిస్టేబుల్‌కి చేతి మీద మూడు పట్టీలు. ఎస్సైకి బ్రౌన్ బెల్టు, బ్రౌన్ బూట్లు. నల్ల బూట్లు అద్దెకి తెచ్చి సరిపెట్టకండి.

టోపీ లేకుండా చెయ్యెత్తి సెల్యూట్ చేయరు. టోపీ తీసి ఉంటే అటెన్షన్‌లో నిలబడతారు, అంతే. ఎస్పీ గదిలోకి హీరో ఆవేశంగా టోపీ లేకుండా వచ్చి సెల్యూట్ కొట్టే షాట్ మన సినిమాల్లో లెక్కలేనన్ని ఉన్నాయి.

ఖాకీ రంగు కూడా చూసుకోవాలి. కొత్త గుడ్డ లైట్ల కింద పసుపు కొడుతుంది. మూడు నాలుగు సార్లు ఉతికించి, మోచేతులు, కాలరు దగ్గర కాస్త అరగదీసి వాడండి. మండల ఎస్సై జీపులో తిరిగేవాడు, పెళ్ళికొడుకులా ఇస్త్రీ మడత చెదరకుండా ఉండడు. హీరోకి శరీరానికి అతికినట్టు కుట్టించే అలవాటు ఒకటుంది. అలా కుట్టిస్తే ఫైట్‌లో చెయ్యెత్తగానే చంక చిరుగుతుంది. చంకలో చీలిక పెట్టి అదనపు గుడ్డ వేయించండి. నెత్తురు, బురద ఉన్న సీన్లకి ఒకే వయసున్న జతలు కనీసం మూడు: ఒకటి శుభ్రంగా, ఒకటి సగం పాడైనది, ఒకటి పూర్తిగా పోయినది.

షాట్ గ్యాప్‌లో ఆర్టిస్టులు యూనిఫాంలోనే టీ కొట్టుకి పోకూడదు. పబ్లిక్ సర్వెంట్ వేషంలో జనాన్ని నమ్మించాడంటూ బీఎన్‌ఎస్ 205 కింద తంటా. మోసం ఉద్దేశం లేకపోతే కేసు నిలవదు, షూటింగ్ మాత్రం ఆ రోజుకి ఆగుతుంది. పైన ఒక కండువా గానీ షర్టు గానీ వేయించండి. పోలీసు స్టిక్కర్ అంటించిన జీపుని లొకేషన్‌కి రోడ్డు మీద తీసుకెళ్ళేటప్పుడు అక్షరాలు గుడ్డతో కప్పాలి. ముందే ఆ పరిధిలోని స్టేషన్‌కి తేదీలు, చోటు, బండ్ల నంబర్లు, డమ్మీ ఆయుధాల లెక్క రాసి లెటరివ్వండి. అందినట్టు ముద్ర వేయించుకున్న కాపీ ప్రొడక్షన్ మేనేజర్ జేబులో ఉండాలి.

ఇంకొకటి, మంత్రి కారు మీద ఎర్రబుగ్గ. 2017 మే 1 నుంచి అది లేదు. 2025 కథలో విలన్ మంత్రి ఎర్రబుగ్గ కారులో దిగితే కథ అక్కడే పదేళ్ళు వెనక్కి పోతుంది.

వన్‌మోర్‌టేక్:
తుపాకీలు, ఫైట్లు.

ముందు ఏ తుపాకీయో తేల్చుకోండి. ఎస్సై చేతిలో 9 ఎంఎం పిస్టల్ పెట్టినా, పాత .38 రివాల్వర్ పెట్టినా నమ్మొచ్చు. ఇషాపూర్ ఫ్యాక్టరీ 9 ఎంఎం అయితే మ్యాగజైన్‌కి 13 రౌండ్లు. రివాల్వర్‌కి ఆరే. పిస్టల్ కాల్చిన ప్రతిసారీ ఖాళీ తూటా పక్కకి ఎగిరి పడుతుంది, రివాల్వర్‌లో ఖాళీలు లోపలే ఉంటాయి. రివాల్వర్ పేల్చి, కింద ఇత్తడి తూటాలు గలగలమని పడ్డ సౌండ్ వేయడం మిక్సింగ్‌లో చాలామంది చేసే పొరపాటు. పిస్టల్‌లో ఆఖరి రౌండ్ అయ్యాక స్లైడ్ వెనక్కి ఆగిపోతుంది. స్లైడ్ ముందుకే ఉండి, హీరో ట్రిగ్గర్ నొక్కుతూ "టక్ టక్" అనిపించడం తప్పు. ఆ ఆగిపోయిన స్లైడ్‌నే క్లోజప్‌లో చూపిస్తే బుల్లెట్లు అయిపోయాయని డైలాగు అక్కర్లేదు.

మీ బడ్జెట్‌కి బ్లాంకుల జోలికి పోకండి. బ్లాంకులో బుల్లెట్ లేకపోయినా గొట్టం నుంచి వేడి గాలి, మందు రేణువులు వస్తాయి, దగ్గర్లో మనిషుంటే గాయమే. డమ్మీతో తీసి మంట గ్రాఫిక్స్‌లో పెట్టించండి. సెకనుకి 24 ఫ్రేముల్లో మంట ఒక ఫ్రేము, మహా అయితే రెండు. అయిదారు ఫ్రేములు పెడితే టార్చిలైటులా కనబడుతుంది. దానికన్నా ముఖ్యం సెట్‌లో వెలుగు. ఆర్టిస్టు మొహం మీద, గోడ మీద ఆ క్షణం వెలుగు పడకపోతే ఎంత ఖరీదు గ్రాఫిక్సూ అతకవు. చిన్న ఎల్‌ఈడీ పట్టుకుని ఒకడు ఫ్రేము బయట నిలబడి, అరుపుకి ఒకసారి కొట్టి ఆపితే చాలు. డమ్మీకి కుదుపు ఉండదు కాబట్టి మణికట్టు కదలిక ఆర్టిస్టుకి విడిగా ప్రాక్టీసు చేయించాలి. చాలామంది మొత్తం చేతిని పైకి ఎగరేస్తారు, కామెడీగా ఉంటుంది.

నెత్తురు. బేకరీ సామాన్ల షాపులో లిక్విడ్ గ్లూకోజ్ దొరుకుతుంది. 400 గ్రాములకి గోరువెచ్చని నీళ్ళు 150 మిల్లీలీటర్లు, ఎర్ర ఫుడ్ కలర్ రెండు చెంచాలు, వేడినీళ్ళలో కలిపిన కోకో పొడి అర చెంచా, నీలం రంగు రెండు చుక్కలు. బట్టల మీద వేసేదైతే రెండు చెంచాల షాంపూ కలపండి, ఉతికితే మరక వదులుతుంది. నోట్లో పెట్టేదాన్లో షాంపూ వేయొద్దు, విడిగా చేయండి. ఖాకీ మీద ఈ రంగు నల్లగా కనబడుతుంది కాబట్టి అక్కడికి కోకో తగ్గించాలి, తెల్ల చొక్కా మీదకి పెంచాలి. టెస్టు షాట్ తీయకుండా ఖాయం చేయకండి. పెన్నా ఇసుకలో ఎండలో తీస్తారు కాబట్టి చెప్తున్నా, చక్కెర నెత్తురుకి ఈగలు, చీమలు పది నిమిషాల్లో చేరతాయి. శవంగా పడుకున్న ఆర్టిస్టు కదులుతూనే ఉంటాడు. శవం షాట్ అన్నిటికన్నా ముందు షూట్ చేయండి, నెత్తురు ఆఖరి నిమిషంలో పోయండి.

గుద్దులకి కెమెరా దెబ్బతినేవాడి భుజం వెనకో, కొట్టేవాడి వెనకో ఉండాలి. పిడికిలి దవడకి అర అడుగు దూరంలో అడ్డంగా పోవాలి. పక్కనుంచి కెమెరా పెడితే ఆ ఖాళీ తెలిసిపోతుంది. వేగం కోసం సెకనుకి 22 ఫ్రేముల్లో తీయడం మనవాళ్ళ అలవాటు. ఒకటి రెండు షాట్లకి సరే. వెనక నీళ్ళు, పొగ, నడుస్తున్న జనం ఉంటే వాటి పరుగు చూసి పట్టేస్తారు. ఇసుకలో ఫైట్ పెడితే పడటానికి మెత్తగా ఉంటుందని మోసపోకండి. కాలు కూరుకుని మడమ, మోకాలు తిరుగుతాయి. పడే చోట అర అడుగు తవ్వి, రాళ్ళు ఏరి, పరుపు పెట్టి, పైన పల్చగా ఇసుక కప్పాలి. ఎత్తు నుంచి దూకేవి, బండి గుద్దేవి ఫైట్ మాస్టర్, డూప్ లేకుండా ముట్టుకోవద్దు. బడ్జెట్ లేకపోతే ఆ షాట్ రాయొద్దు.

ఫస్ట్‌డే మార్నింగ్‌షో:
అన్నలూ, ఇదంతా డాక్యుమెంటరీకి పనికొస్తుంది. పగ సినిమాకి వచ్చేవాడు సెక్షన్ నంబరు చూస్తాడా? ఇంటర్వెల్‌కి హీరో జీపు దిగి నాలుగు పీకాలి, అంతే కదా.

సెక్షన్ల సుబ్బయ్య:
పీకమనండి, ఎవరు కాదన్నారు? పీకడానికి అడ్డేముందో తెలిస్తే ఆ నాలుగూ గట్టిగా తగులుతాయి. లాకప్‌లో కొట్టే సీను చూడండి. స్టేషన్లో గేటు, వరండా, లాకప్, ఎస్సై గది అన్నిచోట్లా ఆడియోతో సహా సీసీ కెమెరాలుండాలని, రికార్డింగు 18 నెలలు దాచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. హీరో లాఠీ ఎత్తేముందు ఒకసారి మూలకి చూస్తాడు. ఆ చూపులోనే అతను ఏం పోగొట్టుకోబోతున్నాడో జనానికి అర్థమవుతుంది. సెక్షన్ నంబరు ఎవరూ చెప్పక్కర్లేదు.

పెన్నాతీరం:
అందరికీ ధన్యవాదాలు. ఫోన్ రికార్డింగ్ క్లైమాక్స్ తీసేస్తున్నా. సుబ్బయ్య గారూ, సస్పెన్షన్ సంగతి చెప్పలేదు మీరు. అప్పుడు పిస్టల్ తన దగ్గర ఉంటుందా? విలన్ జైలు నుంచి బయటికి రావడానికి డబ్బు, పలుకుబడి కాకుండా ఇంకేదైనా దారుందా?

సెక్షన్ల సుబ్బయ్య:
సస్పెండైతే ఆయుధం, ఐడీ కార్డు అప్పజెప్పాలి. సగం జీతం లెక్కన జీవనభృతి వస్తుంది, అనుమతి లేకుండా హెడ్‌క్వార్టర్స్ వదలకూడదు. సస్పెన్షన్ కన్నా మీ కథకి వీఆర్ (వేకెన్సీ రిజర్వ్) బాగుంటుంది. తప్పు రాసిపెట్టకుండానే స్టేషన్ నుంచి లేపి, "వీఆర్‌కి రిపోర్టు చేయండి" అంటారు. జీతం వస్తుంది, యూనిఫాం ఉంటుంది, కుర్చీ ఉండదు, జీపు ఉండదు. స్టేషన్ ఆయుధం అక్కడి ఆయుధాల గదిలోనే ఉండిపోతుంది, రిజిస్టర్‌లో రౌండ్ల లెక్కతో సహా. కొత్త ఎస్సై చార్జి తీసుకునేటప్పుడు రౌండ్లు లెక్కపెట్టి సంతకం పెడతాడు. మీ హీరో ఒక్క రౌండు దాచినా అక్కడే బయటపడాలి. సెకండాఫ్ అంతా వట్టి చేతులతో నడపండి, వన్‌మోర్‌టేక్ గారి ఖర్చు కూడా తగ్గుతుంది.

విలన్ బయటికొచ్చే దారి: 90 రోజులు. హత్య కేసులో రిమాండ్ అయ్యాక 90 రోజుల్లో చార్జిషీటు పడకపోతే నిందితుడికి బెయిల్ హక్కుగా వస్తుంది. జడ్జికి ఇష్టం ఉన్నా లేకపోయినా ఇవ్వాలి. లెక్క అరెస్టు రోజు నుంచి కాదు, రిమాండ్ రోజు నుంచి, ఆ రోజుని కలుపుకునే లెక్కించాలని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. జూన్ 11న రిమాండైతే సెప్టెంబరు 8కి 90 పూర్తి. 9న పొద్దున కోర్టు తెరిచేసరికి హక్కు పుడుతుంది. కానీ విలన్ లాయరు పిటిషన్ వేయాలి, జామీన్లు సిద్ధంగా ఉండాలి. ఆ పిటిషన్ పడకముందే చార్జిషీటు లోపలికి వెళ్ళిందా, హక్కు పోయింది.

అంటే సీఐ డబ్బు తిని చేయాల్సిందల్లా ఏమీ చేయకపోవడమే. "ఎఫ్ఎస్ఎల్ రిపోర్టు రాలేదు" అంటాడు, అంటే ఫోరెన్సిక్ ల్యాబు రిపోర్టు. నిజానికి ఆ రిపోర్టు లేకుండానే చార్జిషీటు వేసి, తర్వాత జతపరచొచ్చు. అది తెలిసిన మనిషి మీ హీరో, ఫైలు మాత్రం అతని చేతిలో లేదు. సెప్టెంబరు 9న పదిన్నరకి బెంచి క్లర్క్ బల్ల ముందు విలన్ లాయరు జూనియరు, చార్జిషీటు కట్ట పట్టుకున్న కోర్టు కానిస్టేబుల్, ఎవరు ముందు చేరితే వారిది. ఆ కానిస్టేబుల్ పాత స్టేషన్‌లో హీరో కింద పనిచేసినవాడైతే ఛేజ్ అంతా దానికోసమే పెట్టొచ్చు.

విలన్ జైల్లో ఉండగా హీరో లోపలికెళ్ళి బెదిరించే సీను మాత్రం వద్దు. సబ్‌జైలు జైళ్ళ శాఖది, ఎస్సై మాట అక్కడ చెల్లదు. కోర్టుకి తీసుకొచ్చేదీ స్టేషన్ వాళ్ళు కాదు, ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్) ఎస్కార్ట్. మొహాలు ఎదురుపడాలంటే కోర్టు ఆవరణలో, ఆ ఎస్కార్ట్ అవతల, ఇవతల.

ఖాకీగుండీ:
ఒక మాట మిగిలింది, సెన్సారు. 2023 సవరణ తర్వాత యూఏలో 7+, 13+, 16+ అని మూడు మెట్లున్నాయి. తల నరకడం, చిత్రహింస దగ్గర్నుంచి చూపిస్తే 'ఏ' వస్తుంది. 'ఏ' సినిమా అలాగే టీవీలో వేయలేరు, కత్తిరించి మళ్ళీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. శాటిలైట్ హక్కులు అమ్మాలనుకుంటే షూటింగ్‌లోనే ఆ హింస షాట్లకి ప్రత్యామ్నాయం తీసి పెట్టుకోండి, వైడ్‌లో ఒకటి, రియాక్షన్ ఒకటి. నేరుగా ఓటీటీకే అయితే సెన్సారు సర్టిఫికెట్ అక్కర్లేదు, 2021 ఐటీ రూల్స్ ప్రకారం వయసు రేటింగ్ వాళ్ళే వేసుకుంటారు. హీరో చేతిలో సిగరెట్ ఎంత తక్కువుంటే అంత మేలు. సిగరెట్ కనబడినంతసేపూ కింద హెచ్చరిక పడుతుంది, మీ కెమెరామన్ ఫ్రేమింగ్ అంతా ఆ పట్టీ కిందకి పోతుంది.